కెప్టెన్ టటిల్‌ను దించేసిన రోజు

ఈనస్ టటిల్‌కి కెప్టెన్ కావాలని ఏనాడూ లేదు. ఈ మాట ఆయన బతికినన్నాళ్ళూ దొరికినవాడికల్లా చెప్పాడు. యుద్ధం అయిపోయి, దేశం మనదయిపోయి, తల నెరిసి కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో కూడా ఎవరైనా "కెప్టెన్ గారూ" అని పిలిస్తే విసుక్కునేవాడు. అయినా మా యాష్‌బ్రూక్‌లో ఒక్కరూ ఆయన్ని ఇంకో పేరుతో పిలవలేదు. ఆయన వృత్తి తోళ్ళు పదును చేయడం. ఓక్ బెరడు నీళ్ళ గుంటల్లో ఆవుతోళ్ళూ దూడతోళ్ళూ నెలల తరబడి నానెయ్యడం, తియ్యడం, గీరడం, మళ్ళీ నానెయ్యడం. గాలి ఆయన పెరటి వైపు నుంచి వీస్తే ఊళ్ళో కిటికీలు మూసుకునేవాళ్ళు. తోళ్ళు ఎదురు చెప్పవు. ఎక్కడ పడేస్తే అక్కడ పడుంటాయి. మనుషుల్ని నడిపించాల్సినవాడికి ఇంతకంటే పనికిమాలిన అలవాటు ఇంకోటి ఉండదని ఆయన అంటూ ఉండేవాడు.

మా కొండల్లో ఊరి దళానికి నాయకుణ్ణి పైనుంచి ఎవరూ పంపరు. తుపాకీ పట్టగల మగాళ్ళంతా ఒకచోట చేరి, చేతులెత్తి, తమలోనే ఒకణ్ణి ఎన్నుకుంటారు. ఎన్నికైనవాడు ఆ రోజు అందరికీ రమ్ము పోయించాలి. బోస్టన్ వైపు మనల్నేలే ఇంగ్లీషు రాజుగారి సైన్యం మన రైతుల మీద తుపాకులు పేల్చిందని కబురొచ్చిన వసంతంలో, ప్రార్థన మందిరం ముందు దళం చేరింది. అప్పుడు డీకన్ జాబెజ్ క్రేన్ లేచి నిలబడ్డాడు. జాబెజ్ వడ్రంగి, సంఘంలో పెద్ద, ఊళ్ళోకెల్లా పొడగరి. ఊరి సభ ఏది జరిగినా లేచి "నాదొక అభ్యంతరం" అనకుండా ఇంటికి వెళ్ళే మనిషి కాదు. ఆయనా ఈనసూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఒక్క విషయంలోనైనా మాట కలిసిన పాపాన పోలేదు.

"టటిల్‌ని ఎన్నుకుందాం" అన్నాడు జాబెజ్. "వాడి పెరడు పెద్దది, కవాతు చేసుకోవచ్చు. పైగా వాడింట్లో నిండు పీపా రమ్ముంది, నిన్నే దించారు. నేను చూశాను."

"నాకు యుద్ధం గురించి ఏం తెలుసురా?" అని అరిచాడు ఈనస్.

"మాకు మాత్రం తెలుసా? ఎత్తండి చేతులు."

అందరూ ఎత్తారు. కొందరు రెండు చేతులూ ఎత్తారు. సాయంత్రానికి పీపా ఖాళీ అయింది. అదీ ఆయన సైనిక జీవితానికి ఆరంభం.

తర్వాత కవాతులు. ఆ కవాతుల గురించి తల్చుకుంటే చెప్పే నాకే చిరాకొస్తుంది, అనుభవించిన ఆయన సంగతి చెప్పాలా. ఈనస్ గొంతు చించుకుని "కుడికి తిరగండి!" అనేవాడు. అందరూ తిరిగేవాళ్ళు, జాబెజ్ ఒక్కడు తప్ప.

"నువ్వెందుకు తిరగలేదు?"

"ఎందుకు తిరగాలో చెప్పలేదు నువ్వు."

"నేను కెప్టెన్ని కాబట్టి తిరగాలి!"

"కెప్టెన్‌వి చేసింది మేమేగా. కుడివైపు నీ తోళ్ళ గుంట ఉంది. నాలుగడుగులు వేస్తే అందులో పడతాం. అది కూడా చూసుకోవా?"

గుంట ఉన్నమాట నిజమే. అందుకే ఈనస్‌కి ఒళ్ళు మండిపోయేది. జాబెజ్ తప్పు మాట్లాడితే తిట్టి ఊరుకోవచ్చు. సగంసార్లు సరైన మాటే మాట్లాడేవాడు, అదీ నలుగురి ముందు, అదీ తీరుబడిగా. చూసి మిగతావాళ్ళు కూడా నేర్చుకున్నారు. నడవమంటే ఎంత దూరమని అడిగేవాళ్ళు. కాపలా ఉండమంటే నిన్న ఉన్నది ఎవరో లెక్క తీసేవాళ్ళు. ఇంటికొచ్చి ఈనస్ భార్య మెహితబెల్ దగ్గర మొత్తుకునేవాడు. ఆవిణ్ణి అందరూ హిట్టీ అనేవాళ్ళు.

"రాజుగారి సైన్యంలో కెప్టెన్ మాటంటే మాటేనట, హిట్టీ. నోరెత్తినవాడికి కొరడా దెబ్బలట."

"అలా మాట వినేవాళ్ళయితే రాజుగారి మాటే వినేవాళ్ళు కదండీ. మీకు కెప్టెన్ పనే ఉండేది కాదు" అనేది హిట్టీ, సంకటి కలుపుతూ.

జవాబు లేని మాటలంటే ఆయనకి మహా కోపం.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది మరుసటి ఏడు జరిగింది. న్యూయార్క్ నగరాన్ని కాపాడాలని దళాన్ని దక్షిణానికి పిలిచారు. సెప్టెంబరు మధ్య వరకు ఉంటామని అందరూ సంతకాలు పెట్టారు. మావాళ్ళకి సంతకం అంటే ప్రాణం. ఆ తేదీ దాకా నిప్పుల్లో నిలబడమన్నా నిలబడతారు. తేదీ దాటాక దేవుడే దిగొచ్చి బతిమాలినా మూట కట్టుకుంటారు. ఇచ్చిన మాట చెల్లించాం, ఇంక మమ్మల్ని ఎవడూ ఏమీ అనడానికి లేదు అంటారు. సరిగ్గా అలాగే అయింది. ఎదురుగా శత్రువు గుడారాలు కనిపిస్తున్నాయి. మన సైన్యం చెల్లాచెదురై వెనక్కి నడుస్తోంది. తేదీ వచ్చింది. మావాళ్ళు వంట కుండలు కడుక్కుని బుజాన వేసుకున్నారు.

"ఒక్క వారం ఆగండయ్యా" అని బతిమాలాడు ఈనస్. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మొక్కజొన్న పొలంలో నిలబడి ఉంది కెప్టెన్ గారూ" అన్నాడు పెలెగ్ స్టోన్. ఇతను ఊళ్ళో కుర్ర రైతు, అందరికంటే ముందు నవ్వేవాడు, అందరికంటే ముందు అలిసిపోయేవాడు. "కోసేవాళ్ళెవరు? రాజుగారొచ్చి కోస్తారా?"

జాబెజ్ వైపు చూశాడు ఈనస్. జాబెజ్ అప్పటికే మూట కట్టుకున్నాడు. "ఇచ్చిన మాట ఇవాళ్టిదాకే" అన్నాడు. "నువ్వూ రా. నీ భార్యకి నెలలు నిండుతున్నాయి."

ఈనస్ వెళ్ళలేదు. సిగ్గేసింది. పక్క రెజిమెంటువాళ్ళు చూసి ఉమ్మేస్తుంటే తలెత్తుకోలేక, ఎవరి దళంలోనో చేరి, ఎవరి కుండలోనో తిని, ఇంకా కొన్ని వారాలు వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. ఆకులన్నీ రాలిపోయాక ఇంటికి చేరేసరికి హిట్టీ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఒడి ఖాళీగా ఉంది. మగబిడ్డ పుట్టాడు, నాలుగు రోజులు బతికాడు. ఈనస్ వచ్చేసరికి కొండవాలు మీద మట్టి కూడా ఆరిపోయింది.

"కబురు పెడదామంటే మీరెక్కడున్నారో ఎవరికీ తెలీదు" అంది హిట్టీ. "దళమంతా ఊళ్ళోనే ఉంది. మీరొక్కరే లేరు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఏడాది పొడుగునా అనుకున్నాడు. వాళ్ళు ఆగి ఉంటే అందరం మర్యాదగా వచ్చేవాళ్ళం, నేను వాళ్ళతో వచ్చేసి ఉంటే బిడ్డ ముఖం చూసేవాణ్ణి. ఎటు తిప్పి చూసినా ఆ కోపం తన మీదికే వచ్చేది. అందుకని దాన్ని పట్టుకెళ్ళి దళం మీద కుమ్మరించేవాడు.

ఆ మరుసటి ఏడు హిట్టీకి మళ్ళీ నెల తప్పింది. ఆవిడకి నలభై దగ్గర పడుతున్నాయి. ఇదే ఆఖరని ఇద్దరికీ తెలుసు. వసంతంలో దళం ఎన్నిక వచ్చినప్పుడు ఈనస్ ఎలాగైనా ఓడిపోవాలని నిర్ణయించుకున్నాడు. రమ్ము దాచేసి అందరికీ మజ్జిగ పోయించాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు తిట్టాడు. జాబెజ్ పేరు తనే ప్రతిపాదించాడు.

"నాదొక అభ్యంతరం" అన్నాడు జాబెజ్. "నేను కెప్టెన్ అయితే, కెప్టెన్ మాటకి అడ్డం చెప్పేదెవరు?"

"మజ్జిగ పోస్తే పోశాడు గానీ, తిట్టడం మాత్రం ఈయన్లా ఇంకెవరికీ చేతకాదు" అని పెలెగ్ అందరికంటే ముందు చెయ్యెత్తాడు. మళ్ళీ టటిలే కెప్టెన్.

ఆగస్టులో పిలుపొచ్చింది. కెనడా వైపు నుంచి రాజుగారి పెద్ద సైన్యం సరస్సుల మీదుగా దిగుతోంది. దాని దండులు గుర్రాల కోసం, పశువుల కోసం పల్లెలమీద పడుతున్నాయి. మొక్కజొన్న కోతలయ్యాక, సెప్టెంబరులో దళం బయల్దేరిన పొద్దున హిట్టీ గడప దగ్గర నిలబడి, రై ధాన్యం పిండి, మొక్కజొన్న పిండి కలిపి కాల్చిన రొట్టె గుడ్డలో కట్టి ఇచ్చింది.

"గడువు ఎప్పటిదాకా?"

"అక్టోబరు మొదటి మంగళవారం దాకా."

"ఆ పొద్దున్నే బయల్దేరతారా?"

"బయల్దేరతాను."

"దళం వచ్చినా రాకపోయినా?"

"వచ్చినా రాకపోయినా."

"పోయినసారి బిడ్డని ఒక్కదాన్నే పంపించాను" అంది హిట్టీ. "మళ్ళీ నావల్ల కాదు. చెప్తున్నా."

ఆయన మాటిచ్చాడు. సంతకం లేదు గానీ, ఆయన జీవితంలో అంత గట్టిగా ఇచ్చిన మాట ఇంకోటి లేదు.

దళాన్ని కాపలా పెట్టింది పాత మిల్లు రేవు దగ్గర. ఇంటికి రెండు రోజుల నడక. నది అక్కడ వెడల్పుగా, మోకాలి లోతున పారుతుంది. బండ్లు దాటగలిగే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఉత్తరాన జరిగిన పోరులో దెబ్బతిన్నవాళ్ళని బండ్లలో ఈ రేవు మీదుగా తెస్తారు, అందాకా రేవు శత్రువుల చేతికి పోకుండా చూడాలి. పని అంతే. అడ్డుగా దుంగలు పేర్చి, వెనక కందకం తవ్వుకోమన్నాడు ఈనస్. ఎవరిమటుకు వాళ్ళు తమకి నచ్చినచోట తవ్వుకున్నారు. చూస్తే పందికొక్కులు తిరిగిన పెరడులా ఉంది. దుంగల సంగతి జాబెజ్ తీసుకున్నాడు, వడ్రంగి కదా. అందంగా, ఒకదానిలో ఒకటి ఇరికించి, నడుం ఎత్తున పేర్చి ఆపేశాడు.

"ఇంకో వరుస పెట్టు" అన్నాడు ఈనస్.

"అక్కర్లేదు. ఇంకో వరుస పెడితే తుపాకీ ఆనించడానికి ఎత్తవుతుంది."

"పొట్టివాళ్ళకి సరే. నీ సంగతేమిటి? మేకులా కనిపిస్తావు."

"నా తల సంగతి నీకెందుకురా?"

ఇలా రోజులు గడిచాయి. బండ్లు రాలేదు. సోమవారం మధ్యాహ్నం మాత్రం గుర్రం మీద ఒక కుర్ర అధికారి వచ్చాడు. బూట్లు మెరుస్తున్నాయి. దేశపు సైన్యంలో పెద్దవాళ్ళ దగ్గర పనిచేసేవాడు. దిగీ దిగకుండానే మాట్లాడాడు.

"బండ్లు దారిలో దిగబడ్డాయి. రేపోఎల్లుండో చేరతాయి. అందాకా మీ దళం ఇక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. ఇది ఆజ్ఞ."

పెలెగ్ ఆపిల్ కొరుకుతూ అడిగాడు, "నిన్నెవరు ఎన్నుకున్నారు బాబూ?"

"ఎన్నుకోవడం ఏమిటి? నన్ను కాంగ్రెస్ నియమించింది, దేశమంతటి సభ!"

"మా ఊరు నియమించలేదే. మా గడువు రేపటితో సరి."

ఆ అబ్బాయి ఎర్రబడిపోయి ఈనస్ వైపు తిరిగాడు. "కెప్టెన్, మీవాళ్ళని అదుపులో పెట్టుకోరా?"

"రెండున్నరేళ్ళుగా అదే పనిలో ఉన్నానయ్యా" అన్నాడు ఈనస్.

"ఆ బండ్లలో కాలో చెయ్యో పోయినవాళ్ళున్నారు. రేవు ఖాళీ చేస్తే వాళ్ళు పోయినట్టే" అని గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈనస్ ఒడ్డున రాయి మీద కూలబడ్డాడు. రేపు పొద్దున ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. మావాళ్ళు కుండలు కడుక్కుంటారు. పైగా బండ్లలో ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంవాళ్ళు, మా నోట యార్కర్లు. యార్కర్లకీ మాకూ సరిహద్దు భూముల దగ్గర తాతలనాటి తగాదా. వాళ్ళకోసం ఒక పూట అయినా ఆగరు. దళం పోతే తనేం చెయ్యాలి? నిరుడులా సిగ్గుతో ఉండిపోతే హిట్టీ ముఖం చూడలేడు. వెళ్ళిపోతే ఆ బండ్ల సంగతి జన్మంతా మర్చిపోలేడు. చివరికి వెళ్ళాలనే నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం తీసుకున్నందుకు తనని తను నానా తిట్లూ తిట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్న ఆయన మూట బుజాన వేసుకునేసరికి, జాబెజ్ ఒక వంట కుండ బోర్లించి దానిమీద కూర్చుని ఉన్నాడు. దళమంతా చుట్టూ చేరింది.

"ఏమిటిది?" అన్నాడు ఈనస్.

"సభ" అన్నాడు జాబెజ్.

"ఏం సభ? గడువైపోయింది. పొండి, మీ ఆపిళ్ళు కోసుకోండి, రసం పిండుకోండి!"

"అధ్యక్షుల అనుమతి లేకుండా మాట్లాడకూడదు కెప్టెన్ గారూ" అన్నాడు పెలెగ్.

జాబెజ్ గొంతు సవరించుకున్నాడు. "మొదటి తీర్మానం. బండ్లు దాటేదాకా దళం ఇక్కడే ఉండాలి. ఎవరైనా మాట్లాడతారా?"

ఈనస్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వెనకనుంచి ఎవరో అన్నారు, "బండ్లలో యార్కర్లు డీకన్ గారూ. మా తాత పొలం లాక్కున్నవాళ్ళు."

"మీ తాత పొలం లాక్కున్నవాడు ఆ బండిలో లేడు. కాలు తెగినవాడున్నాడు. యార్కరైతే మాత్రం నొప్పి ఉండదా? ఇంకెవరైనా? లేరా? చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఒక్కొక్కటే, గొణుక్కుంటూ, కానీ లేచాయి. ఒకరిద్దరు తప్ప అందరివీ.

ఈనస్‌కి సంతోషం కలగాలి. కలగలేదు. రెండేళ్ళ కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నిరుడు మీ కాళ్ళు పట్టుకున్నాను! అందరి ముందూ పట్టుకున్నాను! ఒక్క వారం ఆగమంటే ఆగలేదు కదరా మీరు!"

"నిరుడు మొక్కజొన్న నిలబడి ఉంది" అన్నాడు జాబెజ్. "ఈ ఏడు కోసి వచ్చాం."

"మొక్కజొన్నా! న్యూయార్క్ పోయింది, నీకు మొక్కజొన్నా!"

"నిరుడు నువ్వు ఆజ్ఞాపించావు, తర్వాత ఏడిచావు. మమ్మల్ని అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాళ్ళమో నాకూ తెలీదు."

ఈనస్ మూట నేలకేసి కొట్టాడు. ఆయన ముఖం మాడిపోయింది. "సరే. బాగుంది. మీరుంటే నేనూ ఉండాలి. దళం ఒకచోట, కెప్టెన్ ఒకచోట ఉండడానికి లేదు. ఇవాళే దొరికిందా మీకు బుద్ధి? రేపు రాకూడదూ? నిన్న రాకూడదూ? ఇవాళే రావాలీ?"

"అందుకే రెండో తీర్మానం" అన్నాడు జాబెజ్. "కెప్టెన్ టటిల్‌ని పదవినుంచి దించెయ్యాలి."

మూట తియ్యబోతున్న ఈనస్ నిటారుగా నిలబడ్డాడు.

"ఏ కారణం మీద?" అన్నాడు ఈనస్. ఇన్నాళ్ళూ దించండి మొర్రో అన్న మనిషే, దించుతామనేసరికి చెంపదెబ్బ తిన్నట్టయ్యాడు.

"కంపు" అన్నాడు పెలెగ్. "తోళ్ళ కంపు. శత్రువులు గాలిని బట్టి మన జాడ పట్టేస్తారు." అందరూ నవ్వారు.

జాబెజ్ నవ్వలేదు. కుండమీంచి లేచి ఈనస్ దగ్గరికొచ్చి, మిగతావాళ్ళకి వినపడనంత నెమ్మదిగా మాట్లాడాడు. ఆయన నెమ్మదిగా మాట్లాడ్డం ఈనస్ అదే మొదటిసారి వినడం.

"నిరుడు ఆ చిన్న పెట్టె చేసింది నేనురా. నీ పిల్లాడికి. హిట్టీ నన్నే అడిగింది, ఇంకెవర్ని అడుగుతుంది? వాణ్ణి మట్టిలో పెట్టినప్పుడు తండ్రి వైపు నేను నిలబడ్డాను. అది నువ్వు నిలబడాల్సిన చోటు. నేను నిన్ను వదిలేసి వచ్చాను కాబట్టి నువ్వు లేవు. ఈసారి బిడ్డ బతుకుతుందో బతకదో దేవుడెరుగు. ఏదైనా సరే నువ్వక్కడ ఉండాలి. నువ్వు కెప్టెన్‌గా ఉన్నంతసేపూ కదలవు, నీ మొండితనం నాకు తెలీదా? అందుకని దించుతున్నాను. నోరు మూసుకుని దిగు."

ఈనస్‌కి ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది. చేతులెత్తమన్నప్పుడు అందరూ ఎత్తారు. ఆయన ఒక్కడే ఎత్తలేదు. వెంటనే జాబెజ్‌ని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు.

"ముందు రమ్ము పోయించు" అన్నాడు ఈనస్, ముఖం తుడుచుకుంటూ.

"ఇంటికొచ్చాక పోయిస్తా. నువ్వు వెళ్ళు."

ఈనస్ రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. "ఆ దుంగలు ఇంకో వరుస వేయించు."

"అక్కర్లేదన్నానా?"

"పోనీ వంగి ఉండు. నీ ఎత్తుకి ఒడ్డు అవతలనుంచి కూడా కనిపిస్తావు. వంగి ఉండరా, చెప్పేది విను, ఒక్కసారి విను."

"ఇప్పుడు కెప్టెన్ ఎవరు?" అన్నాడు జాబెజ్.

ఆ మాటకి ఒళ్ళు మండి ఈనస్ వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. దారి పొడుగునా జాబెజ్‌తో మనసులోనే వాదిస్తూ నడిచాడు. అన్ని వాదనల్లోనూ నెగ్గాడు.

ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఊరి ఆడవాళ్ళ చెప్పులు బురదగా ఉన్నాయి. లోపల హిట్టీ నొప్పులు పడుతోంది. జాబెజ్ భార్య జెరూషా చేతులు పైకి మడుచుకుని ఎదురొచ్చింది. మా ఊళ్ళో సగంమంది పిల్లలు పుట్టింది ఆవిడ చేతుల్లోనే.

"మీరొచ్చారా!" అంది. "మరి మా ఆయనేడీ?"

"రేవు దగ్గరే ఉన్నాడు. దళం ఆగిపోయింది. నన్ను దించేసి తనే కెప్టెన్ అయ్యాడు."

"ఓరి దేవుడా. ఇంక రాజుగారే గెలిచినట్టు" అని నవ్వుతూ లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే పెంకులెగిరిపోయేలా ఏడ్చింది. జెరూషా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. లోపల్నుంచి హిట్టీ గొంతు వినిపించింది.

"ఉన్నారా?"

"ఇక్కడే ఉన్నాను" అన్నాడు ఈనస్. ఆ రోజు ఆవిడ ఆ మాట ఎన్నిసార్లు అడిగిందో, ఆయన అన్నిసార్లూ అదే చెప్పాడు. పిల్ల ఆ రోజు బతికింది, మర్నాడు బతికింది. నాలుగో రోజు దాటేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చలేదు. అయిదో రోజు హిట్టీ మొదటిసారి కడుపునిండా తింది.

ఆ రోజు సాయంత్రమే దళం తిరిగొచ్చింది. ఊళ్ళోకి రాకుండా నేరుగా ఈనస్ పెరట్లోకే వచ్చారు. అందరూ తలలు దించుకుని తోళ్ళ గుంట పక్కన నిలబడ్డారు. ఈనస్ అందరి తలలమీదుగా చూశాడు. పొడుగ్గా కనిపించాల్సిన తల కనిపించలేదు.

"బండ్లు అన్నీ దాటాయి" అన్నాడు పెలెగ్. వాడి ముఖంలో నవ్వు లేదు. "ఆఖరి బండి నీళ్ళలో ఉండగా అవతలి చెట్లలోంచి ఎర్రకోట్ల రాజుగారి సిపాయిలు కాల్పులు మొదలెట్టారు. మేం నిలబడ్డాం. ఒక్కడూ పారిపోలేదు. డీకన్ గారు బండివాడికి దారి చూపించడానికి లేచి నిలబడ్డారు. కూర్చోమని అందరం అరిచాం."

పెలెగ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కడే, ఒడ్డు మీద పాతిపెట్టాం. జెరూషమ్మ గారికి మీరే చెప్పాలి కెప్టెన్ గారూ."

"నేను కెప్టెన్ని కాను. మీరే కదా దించారు."

"దారిలో ఆగి సభ పెట్టాం" అన్నాడు పెలెగ్. "మళ్ళీ మిమ్మల్నే ఎన్నుకున్నాం. ఆవిడకి చెప్పడం మా ఎవరివల్లా కాదు."

ఈనస్ వాళ్ళని తిట్టాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. వాళ్ళు చేతులు కట్టుకుని పడ్డారు. తర్వాత ఆయన టోపీ పెట్టుకుని వీధి దాటి క్రేన్ ఇంటికి వెళ్ళాడు.

జెరూషా పిండి చేతులతో తలుపు తీసింది. ఆయన ముఖం చూసింది. ఆయన వెనక వీధిలో ఎవరూ లేకపోవడం చూసింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. ఓదార్చే మాటలు ఈనస్ దారిలో కూడగట్టుకున్నాడు. నోరు తెరిస్తే అవి రాలేదు.

"వంగి ఉండమన్నాను వాణ్ణి!" అని అరిచాడు. "ఇంకో వరుస దుంగలు వెయ్యమన్నాను. వింటేగా! ఏనాడైనా విన్నాడా? ఇరవై మంది కూర్చోమని అరిస్తే నిలబడ్డాడట!"

"మీరు చెప్తే వింటాడా?" అంది జెరూషా. ఆవిడ గొంతు కూడా లేచింది. "పెళ్ళయిన నాటి నుంచీ చెప్తున్నాను నేను. చలికాలం గొంతుకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోడు. నిచ్చెన పై మెట్టు ఎక్కొద్దంటే అదే ఎక్కుతాడు. ఎందుకు అంటాడు! ప్రతిదానికీ ఎందుకు అంటాడు!"

"అక్షరాలు దిద్దేటప్పుడు కూడా అంతే! పంతులుగారితో కూడా అంతే!"

"పెళ్ళి ప్రమాణాలప్పుడు పాస్టర్ గారిని ఆపి అడిగాడండీ, ఎందుకని!"

ఇద్దరూ గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా, చచ్చిపోయినవాణ్ణి తిట్టారు. తిట్టీ తిట్టీ జెరూషా అలిసిపోయింది. ఆవిడ గడప మీద కూర్చుంది. ఈనస్ కూడా పక్కనే కూలబడ్డాడు. వీధి అవతల ఆయన ఇంట్లోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. జెరూషా కాసేపు ఆ ఏడుపు వింది.

"గట్టి గొంతు" అంది. తర్వాత కళ్ళొత్తుకుని, "నేనింక ఎవరితో పోట్లాడాలి, ఈనస్?" అంది.

ఈనస్ టోపీ తీసి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నాకూ ఎవరూ లేరమ్మా" అన్నాడు.